కోల్డ్ స్టోరేజీ మనిషి ఇంటి శ్లాబు

నడివేసవిలో ఉన్నిటోపీ పెట్టుకుని తిరిగే మనిషి ఆ వీధిలో ఒక్కడే ఉండేవాడు. సాయంత్రం తారురోడ్డు ఇంకా చెప్పులకి అంటుకుంటున్న వేళ, టోపీ చెవుల మీదికి లాక్కుని, మందపాటి కోటు సైకిలు వెనక కట్టుకుని ఇంటికి వచ్చేవాడు. వీధిలోకి కొత్తగా దిగినవాళ్ళు ఆగి మరీ చూసేవాళ్ళు. పాతవాళ్ళు తల కూడా తిప్పేవాళ్ళు కాదు. ఆయన కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తాడని అందరికీ తెలుసు. పిల్లలు ఆయనకి ఐసు మావయ్య అని పేరు పెట్టారు. పోనుపోను పెద్దవాళ్ళ నోటా అదే నిలిచిపోయింది. ఆయన ఐసు మావయ్య కాబట్టి భార్య ఐసత్తయ్య అయింది. వీధి మొత్తం మీద అందరికన్నా ఎక్కువ చెమటోడ్చే మనిషికి ఆ పేరేమిటని ఎవరికీ తోచలేదు.

మావయ్య కుర్రతనంలో మూటలు మోయడానికి అక్కడ చేరాడు. మూటలు మోసి మోసి, చివరికి గదుల బాధ్యత చేతికొచ్చింది. ఒక గదిలో బంగాళాదుంపలు, ఒక గదిలో యాపిల్ పెట్టెలు, అన్నిటికన్నా లోపలి గదిలో గడ్డకట్టిన చేపలు. గొట్టాల మీద పేరుకున్న మంచు గీకడం, మీటర్లు చూడటం, తలుపులు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకోవడం ఆయన పని. తలుపు తీసిపెట్టి కబుర్లాడే కూలీలంటే ఆయనకి ఒళ్ళు మండేది.

"లోపలి చలి మీ అత్తారింటి సొమ్మా, అలా పారబోస్తున్నారు?" అని కేకలేసేవాడు. కూలీలు నవ్వుకుంటూ తలుపు మూసేవాళ్ళు.

సాయంత్రానికి చలి ఆయన ఎముకల్లో దిగిపోయేది. వేళ్ళు కొయ్యబారిపోయేవి. అటువంటి మనిషికి ఇంట్లో అడుగుపెట్టగానే ఎదురొచ్చే వేడి ఎంతో హాయిగా ఉండేది. వాళ్ళది చిన్న డాబా ఇల్లు. రెండు గదులు, వంటిల్లు, స్నానాలగదికి పోయే ఇరుకు సందు. నెత్తిన ఒట్టి శ్లాబు. చుట్టుపక్కల నీడ ఇచ్చేది ఏదీ లేదు. పొద్దంతా మింగిన ఎండని ఆ శ్లాబు సాయంత్రం నుంచీ కక్కడం మొదలుపెట్టేది. మావయ్య కోటు పక్కన పడేసి, సరిగ్గా దాని కింద మంచం మీద వెల్లకిలా పడుకుని చేతులు బార్లా చాపేవాడు. కాసేపటికి వేళ్ళు వదులయ్యేవి. "హమ్మయ్య" అనేవాడు.

అత్తయ్య ఇంట్లోనే కుట్టుమిషను మీద చొక్కాల కాలర్లు కుట్టేది. ఒక కంపెనీవాళ్ళు గుడ్డ కత్తిరించి తెచ్చిపడేసి, కుట్టినవి పట్టుకుపోయేవాళ్ళు. ఇల్లు కొలిమిలా ఉందని ఆమె అనేది. ఏటా వేసవి రాగానే అనేది. "వెచ్చగా ఉంటే ఏం పోయింది? ఆ చలిలో ఒక్కపూట నిలబడి చూడు, తెలుస్తుంది" అనేవాడు మావయ్య. ఇక ఫ్యాను గొడవ వాళ్ళ పెళ్ళంత పాతది. ఆమె ఐదు మీద పెట్టేది. ఆయన లేచి ఒకటికి దించేవాడు. ఆమె పక్కగదిలోంచి వచ్చి మళ్ళీ తిప్పేది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే ఈ యుద్ధం నడిపేవాళ్ళు. ఆఖరికి రెండు గదుల్లో రెండు ఫ్యాన్లు పెట్టుకుని సంధి చేసుకున్నారు.

ఒక ఏడు వేసవి ముదురుతుండగా మావయ్య పాదం మీద పెట్టె పడింది. వరస మీద వరస పేర్చిన యాపిల్ పెట్టెల్లో ఒకటి జారి పడి, ఎముక విరిగింది. డాక్టరు మోకాలి దాకా పిండికట్టు వేసి, లేచి తిరగొద్దన్నాడు. పనిలో చేరాక మావయ్య జబ్బు చేసి పడుకుంది లేదు. వేసవి సీజనులో ఆదివారం కూడా సెలవుండదు కాబట్టి, ఆ రోజుల్లో పగటిపూట ఇంట్లో ఉండటం ఆయనకి అదే మొదటిసారి.

పొద్దున్నే బాగానే ఉంది. రేడియో విన్నాడు. భార్య కాలర్లు కుడుతుంటే పక్కన మంచం మీద పడుకుని పాత కబుర్లు చెప్పాడు. "ఇన్నాళ్ళూ ఈ సుఖం వదులుకుని ఎందుకెళ్ళానే పనికి?" అని కూడా అన్నాడు. ఆమె దారం కొరికి ఇంకో కాలరు అందుకుంది.

పొద్దెక్కేకొద్దీ ఆయన మాట తగ్గింది. ఫ్యాను తిరుగుతున్నా గాలి కాదు, పొయ్యి ముందు విసిరినట్టు సెగ వస్తోంది. గోడకి వీపు ఆనిస్తే చురుక్కుమంది. పిండికట్టు లోపల చెమట పట్టి దురద మొదలైంది. గోక్కోవడానికి చేయి పోదు. అల్లిక పుల్ల అడిగి తీసుకుని కట్టులోకి దూర్చి, కళ్ళు మూసుకుని, లోకాన్ని తిట్టుకుంటూ గోక్కున్నాడు.

అప్పుడే గరగరమని చప్పుడైంది. కళ్ళు తెరిచి చూస్తే అత్తయ్య కుట్టుమిషను ఈడ్చుకుపోతోంది.

"బండి ఎటు తోలుతున్నావు?"

"ఎండ ఎటు తోలితే అటు."

ముందుగది పొద్దున కాసేపే కూర్చోనిస్తుంది. తర్వాత వెనకగది. మిట్టమధ్యాహ్నం స్నానాలగది సందు. అక్కడ కాళ్ళు చాపుకోవడానికి కూడా చోటుండదు, కానీ తడినేల కాబట్టి కాస్త నయం. ఎండ పడమటికి వాలాక మళ్ళీ ముందుగదిలోకి. నేల మీద మిషను కాళ్ళు గీసిన గీతలు దారి పడిపోయి ఉన్నాయి. రోజూ ఆ నేల మీదే నడిచే మావయ్య ఆ గీతలు ఎన్నడూ పట్టించుకోలేదు. ఆయన పొద్దున వెళ్ళేటప్పుడు మిషను ముందుగదిలో ఉండేది, సాయంత్రం వచ్చేటప్పటికీ ముందుగదిలోనే ఉండేది.

మంచం మీద నుంచి మెడ చాపితే సందులో ఆమె సగం కనిపిస్తోంది. నుదుటికి ఒక తడిగుడ్డ, రెండు మణికట్లకీ రెండు గుడ్డముక్కలు కట్టుకుంది. కాలర్లు తెల్లవి. ఒక్క చెమటబొట్టు పడినా మరక పడుతుంది, మరకపడ్డది కంపెనీవాళ్ళు వెనక్కి కొడతారు. అందుకని ప్రతి కాలరుకీ ముందు చేతులు తుడుచుకుని, ముఖం తుడుచుకుని, అప్పుడు సూది కిందికి గుడ్డ తోస్తోంది.

"రోజూ ఇంతేనా?" అన్నాడు మావయ్య.

"ఇవాళ నయం. బయట కాస్త గాలి ఉంది."

ఇంకో కాలరు సూది కిందికి తోస్తూ ఆమే సందులోంచి అడిగింది: "మీ దుంపల గదికి గోడ ఎంత మందమన్నారు?"

"జానెడు. మధ్యలో ఫోము. ఎందుకు?"

"ఏం లేదు. మరుజన్మంటూ ఉంటే బంగాళాదుంపగా పుడదామని."

ఆమె నవ్వుతూనే అంది. మావయ్యకి నవ్వు రాలేదు. దుంపలు చెడిపోతాయని తలుపుసందులో రబ్బరు కాస్త అరిగితే మేనేజరు గది దాకా వెళ్ళి పోట్లాడిన మనిషి ఆయన.

సాయంత్రం బావమరిదికి ఫోను చేశాడు. అత్తయ్య తమ్ముడు తాపీమేస్త్రి. పని బాగా వచ్చు, నోరు అంతకన్నా బాగా వచ్చు. వచ్చీ రాగానే పిండికట్టు మీద వేలితో టకటకా కొట్టి, "ప్లాస్టరింగు బాగానే చేశారు బావా, కాస్త లెవెలు తప్పింది" అన్నాడు.

"నీ వేళాకోళం తర్వాత. ఈ శ్లాబు సంగతి చూడు."

"చూసేదేముంది? పైన తెల్లగా సున్నం కొట్టేస్తా. ఎండ తిరగ్గొడుతుంది."

"ఒక గాలిదుమారం వస్తే మట్టి కొట్టుకుని మళ్ళీ మామూలే. అది కాదురా. వేడిని లోపలికి రానిచ్చి, తర్వాత ఫ్యాన్లు తిప్పుకుంటే ఏం లాభం? బయటే ఆపాలి. మా గదులకి ఉన్నట్టు ఫోము పలకలు పరచాలి."

"థర్మకోలా? మనిషి అడుగు పడితే అప్పడమైపోదూ?"

"గట్టివి ఉంటాయి. కప్పులకి వాడేవి. కొట్లో అడుగు."

కొట్లో ఉన్నాయి. ఎలా పరవాలో కొట్టతను చెప్పాడు. ముందు శ్లాబు కడిగి పగుళ్ళు పూడ్చాలి, నీళ్ళు దిగకుండా పూత వెయ్యాలి, దాని మీద పలకలు, పలకల మీద ప్లాస్టిక్ పట్టా, ఆ పైన సన్నని ఇనుపవల వేసి పలచగా సిమెంటు పొర, ఆఖరున తెల్లపూత. బావమరిది విని వచ్చి, తనకి ముందే తెలిసినట్టు అక్కకీ బావకీ వివరించాడు.

పని మొదలైన రోజున ఒక చిక్కు వచ్చింది. మావయ్యకి పైకెక్కి చూసుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. డాబా మీదికి ఉన్నది ఇనప నిచ్చెన. ఒంటికాలి మనిషి దాని జోలికి పోలేడు. మంచం కిటికీ దగ్గరికి జరిపించుకుని, కిందనుంచే అరవడం మొదలుపెట్టాడు. "సందు లేకుండా పరిచావా? మూల దగ్గర చూశావా?" పైనుంచి "ఆఁ ఆఁ" అన్న జవాబే తప్ప ఇంకోటి రాదు. చివరికి ఆయన భార్యని బతిమాలాడు.

"నువ్వొకసారి ఎక్కి చూసిరావే. వాడి మాట నేను నమ్మను."

"నేనా? ఆ నిచ్చెనా?"

"నీ తమ్ముడు పట్టుకుంటాడు."

ఆమె కొంగు బిగించి, నిచ్చెన వంకా తమ్ముడి వంకా మార్చి మార్చి చూసి, ఎక్కింది. ఆ ఇంట్లో కాపరం పెట్టాక తన నెత్తిమీది శ్లాబు ఆమె కళ్ళతో చూడటం అదే మొదలు. పైకెళ్ళినామె చాలాసేపు దిగలేదు. దిగి వచ్చి, "సందులున్నాయి" అంది. "పలకకీ పలకకీ మధ్య వేలు పడుతోంది. అక్కడంతా వేడి కిందికి దిగదూ?"

"అదే నేను మొత్తుకునేది!"

"ఒకటే మందం పరిచేకంటే, సగం మందంవి రెండు వరసలు పరిస్తే? కింది అతుకు మీదికి పైపలక నడుము వచ్చేట్టు. కోటుకి లైనింగు అలాగే వేస్తాం, అతుకు మీద అతుకు రానివ్వం."

మావయ్య ఆమె ముఖంలోకి చూశాడు. కోల్డ్ స్టోరేజీ గోడలు ఎలా కట్టారో ఆయనకి తెలియదు. మందమెంతో, మధ్యలో ఫోము ఉంటుందనీ తెలుసు, అంతే. "చెప్పు వాడికి" అన్నాడు.

తమ్ముడు ముందు గునిశాడు. కొట్టుకి పోయి పలకలు మార్పించుకొచ్చాక, "అక్కా, ఇంత తెలిసినదానివి నువ్వే కోసిపెట్టు" అని కత్తి ఆమె చేతికిచ్చాడు. ఊరికే అన్నాడు. ఆమె నిజంగానే కోసింది. గుడ్డ కోసే చెయ్యి కదా, గీత పెట్టి లాగితే అంచు ఎక్కడా పెచ్చు ఊడకుండా వచ్చింది. పొద్దున్నే చల్లవేళ కాలర్లు పక్కన పెట్టి పైకెళ్ళేది. ఎండ ముదిరే ముందు దిగివచ్చేది.

మావయ్య కింద మంచం మీద పడుకుని అడుగుల చప్పుడు వినేవాడు. బావమరిదివి ధబధబమనే అడుగులు. ఆమెవి ఉన్నాయో లేవో అన్నట్టు ఉండేవి. వెంటిలేటరులోంచి వాళ్ళ మాటలు దిగి వచ్చేవి. అక్కాతమ్ముళ్ళు చిన్నప్పటి సంగతులు చెప్పుకుని పడీపడీ నవ్వేవాళ్ళు. ఆమె అంత గట్టిగా నవ్వుతుందని ఆయన మరిచిపోయాడు.

ఒక పొద్దున తమ్ముడు అడగడం వినిపించింది. "ఇన్నేళ్ళూ ఎలా ఉన్నావే ఈ కొలిమిలో? బావని నిలదీసి అడిగితే ఎప్పుడో చేయించేవాడు కదా. పిసినారేం కాదు."

పైన కత్తి చప్పుడు ఆగింది.

"అడక్కేం, అడిగాను. గట్టిగా మటుకు అడగలేదు" అంది. "పెళ్ళైన కొత్తలో ఒకరోజు పని నుంచి వచ్చి చొక్కా విప్పుకోలేకపోయారు. వేళ్ళు నీలంగా అయిపోయి, గుండీ పట్టుకోలేకపోతున్నారు. నేనే విప్పాను. సిగ్గుపడ్డారు పాపం. కాసేపు ఈ శ్లాబు కింద పడుకున్నాక మామూలు మనిషయ్యారు. పగలు నా తిప్పలు ఎలాగో నేను పడతాను, సాయంత్రం ఆయనకి ఈ కాస్త వెచ్చదనం కూడా లేకపోతే ఎలా అనుకున్నాను. పోనుపోను అలవాటైపోయింది."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు ఆయనే అన్నారు కదా. నేనెందుకు వద్దంటాను? నేనూ మనిషినే."

కింద మావయ్య రేడియో గొంతు పెంచాడు. ఆమె దిగి వచ్చినప్పుడు, "పని ఎంతవరకూ వచ్చింది?" అని మాత్రం అడిగాడు.

అంతా అయ్యాక ఇల్లు చలవరాతి మేడలా ఏమీ అయిపోలేదు. బయట ఎండ ఎండే, గోడలు గోడలే. కానీ నెత్తిమీద నుంచి దిగే ఆ సెగ ఆగిపోయింది. ఫ్యాను వేస్తే వచ్చేది గాలి అనిపించింది. మొదటిరోజు మధ్యాహ్నం అత్తయ్య అలవాటు చొప్పున లేచి మిషను మీద చెయ్యి వేసింది. ఆగింది. మళ్ళీ కూర్చుంది. కొంచెంసేపు కుట్టాక, మిషను మీదికే తల వాల్చి నిద్రపోయింది. పగటిపూట ఆమె నిద్రపోగా మావయ్య చూడటం అదే మొదలు. కంపెనీ మనిషి వచ్చి తలుపు తడితే, మంచం మీద నుంచే వేలు పెదవుల మీద పెట్టి, తర్వాత రమ్మని సైగ చేశాడు.

తొలకరి వానకి మాత్రం పరువు పోయింది. చలి బయటికి పోకుండా గదులు బిగించే మనిషి కదా, అంచులన్నీ బిగించెయ్యి, గాలి కూడా దూరకూడదని మావయ్య కిందనుంచి పోరి పోరి చెప్పాడు. ఆ పోరు పడలేక బావమరిది వాననీళ్ళు దిగే గొట్టం దగ్గర కూడా సిమెంటు ఎత్తుగా మెత్తేశాడు. వాన పడగానే డాబా మీద నీళ్ళు చెరువులా నిలబడ్డాయి. వంటింటి మూలనుంచి బొట్టుబొట్టుగా కారింది. అత్తయ్య గిన్నె పెట్టింది.

"కోల్డ్ స్టోరేజీ లోపల వాన పడదు కదా బావా" అన్నాడు బావమరిది తడిసిన తల తుడుచుకుంటూ. "వాలు ముఖ్యం. పలకలు తర్వాత."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పనిచ్చారా మీరు?"

మావయ్య ఒప్పుకున్నాడు. ఆ మూల పగలగొట్టి, నానిన పలకలు తీసేసి, గొట్టం వైపు వాలు పెట్టి మళ్ళీ వేశారు. ఆ తర్వాత కారలేదు.

కాలు కూడుకుని మావయ్య తిరిగి పనికి వెళ్ళాడు. మొదటి సాయంత్రం వచ్చి, కోటు తీసి, ఎప్పటిలా మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. శ్లాబు నుంచి ఏమీ రాలేదు. వేళ్ళు కొయ్యల్లాగే ఉండిపోయాయి. లేచి టోపీ మళ్ళీ పెట్టుకుని, రగ్గు కప్పుకుని భోజనానికి కూర్చున్నాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడు అత్తయ్య కంచం ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"చలిగా ఉందని చెప్పొచ్చు కదా."

"నువ్వు చెప్పావా?"

ఆమెకి అర్థం కాలేదు.

"వెంటిలేటరులోంచి అన్నీ వినిపిస్తాయి" అన్నాడు కంచంలోకి చూస్తూ. "గుండీల సంగతి నేను మర్చిపోయాను. నువ్వు మర్చిపోలేదు."

ఆమె ముఖం పక్కకి తిప్పుకుంది. "వినేవాళ్ళు విన్నామని చెప్పాలి. దొంగచాటుగా ఏంటది?" అంది చివరికి, కోపం కాని గొంతుతో. లేచి నీళ్ళు కాచి, ఒక బేసినులో పోసి తెచ్చి ఆయన ముందు పెట్టింది. "చేతులు పెట్టండి. ఇంత తేలిక పనికి ఇల్లంతా కాల్చుకున్నాం ఇన్నేళ్ళూ."

అప్పటినుంచి సాయంత్రం ఆయన రాగానే వేడినీళ్ళు సిద్ధంగా ఉండేవి. ఎండాకాలంలో అయితే పడమటి గోడకి ఆనించి బయట కుర్చీ వేసేది. పొద్దు గూకేదాకా ఆ గోడ వెచ్చగా ఉంటుంది. వీధిన పోయేవాళ్ళు పలకరిస్తుంటే మావయ్య అక్కడ కూర్చుని కరిగేవాడు. ఆ మాట ఆయన బావమరిదిది.

పక్కింటివాళ్ళు వచ్చి కూర్చుని తేడా కనుక్కున్నారు. తర్వాత ఎదురింటివాళ్ళు. మేస్త్రికి పని వచ్చింది, కానీ అక్క లేకుండా పలకలు కుదరలేదు. "అంచులు అక్క కోస్తేనే" అని ఇంటివాళ్ళే అడగడం మొదలుపెట్టారు. అత్తయ్య కొన్నాళ్ళు కాలర్లూ పలకలూ రెండూ చూసింది. తర్వాత ఎండలు ముదరకముందు రెండు మూడు నెలలు కాలర్లు మానేసి, కత్తి, కొలత టేపు సంచిలో వేసుకుని తమ్ముడి వెంట పొద్దున్నే వెళ్ళేది. నిచ్చెనలంటే భయం పోయింది. వాలు సరిగ్గా లేకపోతే పని ఆపించేది, తమ్ముడైనా సరే.

మావయ్య విరిగిన పాదం చలికి సలపడం మొదలైంది. కొంతకాలం ఓర్చుకుని, మేనేజరుతో మాట్లాడి, లోపలి గదుల నుంచి గేటు దగ్గర లారీలు తూచే పనికి మారాడు. ఉద్యోగం చిన్నదైంది, ఆయన పట్టించుకోలేదు. సాయంత్రాలు భార్యకంటే ముందే ఇంటికి చేరేవాడు. అన్నం ఆయనే వండేవాడు. మొదట్లో అడుగంటించాడు, తర్వాత చెయ్యి తిరిగింది. ఆమె మోకాళ్ళకి సిమెంటు దుమ్ముతో వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, ఆ రోజు ఎవరి డాబా మీద ఏం జరిగిందో చెప్పేది. ఆయన గిన్నెలో గరిటె తిప్పుతూ వినేవాడు. మధ్యమధ్య, "మూలలు చూశావా?" అని అడిగేవాడు.

"చూశాను. మీరు ఉప్పు చూసుకోండి" అనేది ఆమె.